విండోస్‌ 11కి మారుతున్నారా? ముందు క్యాలెండర్‌ తీయండి!

ఇంట్లో ఇంకా విండోస్‌ 10 సిస్టమే వాడుతున్నారా? 2015 జులైలో వచ్చిన ఈ ఓఎస్‌కి మైక్రోసాఫ్ట్‌ 2025 అక్టోబర్‌ 14తో మామూలు సపోర్ట్‌ ఆపేసింది. ఆ తర్వాత కూడా కంప్యూటర్‌ ఆన్‌ అవుతోంది, వర్డ్‌ తెరుచుకుంటోంది, యూట్యూబ్‌ నడుస్తోంది. అందుకే ‘ఏం కాలేదుగా’ అనుకుని చాలామంది వదిలేస్తున్నారు. కానీ ఉచితంగా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోయాయి. కొత్తగా బయటపడే లోపాలకు ఇక మరమ్మతు ఉండదు. మీ మార్కుల మెమోలు, ఆధార్‌ స్కాన్‌ కాపీ, నాన్నగారి నెట్‌బ్యాంకింగ్‌ అన్నీ ఒకే సిస్టమ్‌లో ఉండే ఇళ్లలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

సరే, మారాలి. ఎప్పుడు? ఎల్లుండి ఆన్‌లైన్‌ అసెస్‌మెంట్‌ పెట్టుకుని ఈ రాత్రి మాత్రం వద్దు. విండోస్‌ 11 వేశాక నచ్చకపోయినా, ఏదైనా పనిచేయకపోయినా సెట్టింగ్స్‌లోని రికవరీలోకి వెళ్లి ‘గో బ్యాక్‌’ నొక్కితే పాత విండోస్‌ వచ్చేస్తుంది. ఈ సౌకర్యం మామూలుగా 10 రోజులే. కాబట్టి టెస్ట్‌లు, ఇంటర్వ్యూలు, ప్రాజెక్ట్‌ సబ్మిషన్‌ లేని 10 రోజులు చూసుకుని, అందులో మొదటి రోజే పని మొదలుపెట్టండి. ఆ పది రోజుల్లో కెమెరా, మైక్‌, కాలేజీ సాఫ్ట్‌వేర్‌ అన్నీ ఒకసారి వాడి చూడాలి.

మీ సిస్టమ్‌ సరిపోతుందా?

మైక్రోసాఫ్ట్‌ సైట్‌ నుంచి ‘పీసీ హెల్త్‌ చెక్‌’ అనే ఉచిత యాప్‌ దించుకుంటే సరిపోతుందో లేదో చెప్పేస్తుంది. కాగితం మీద కావాల్సినవి 4 జీబీ ర్యామ్‌, 64 జీబీ స్టోరేజీ. కానీ చాలామందికి అసలు చిక్కు ప్రాసెసర్‌తోనే. ఇంటెల్‌లో దాదాపుగా 8వ జనరేషన్‌, ఏఎండీలో రైజెన్‌ 2000 సిరీస్‌ నుంచి పైవాటికే అనుమతి. ల్యాప్‌టాప్‌ వివరాల్లో ‘ఐ5-8250యూ’ అని ఉంటే గీత తర్వాతి 8 అంటే 8వ జనరేషన్‌. ‘ఐ5-7200యూ’ అయితే కుదరదు.

ప్రాసెసర్‌ కొత్తదే అయినా ‘టీపీఎం 2.0 లేదు’ అని చూపిస్తోందా? కంగారు పడి కొత్త మదర్‌బోర్డు కొనకండి. అసెంబుల్డ్‌ డెస్క్‌టాప్‌లలో ఇది ఉండి కూడా బయోస్‌లో ఆఫ్‌ అయి ఉండటం మామూలే. ఇంటెల్‌ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది, ఆన్‌ చేస్తే చాలు. సెక్యూర్‌ బూట్‌ విషయంలో మాత్రం జాగ్రత్త. స్టార్ట్‌లో ‘సిస్టమ్‌ ఇన్ఫర్మేషన్‌’ అని వెతికి బయోస్‌ మోడ్‌ చూడండి. అక్కడ ‘లెగసీ’ అని ఉంటే బయోస్‌లోకి వెళ్లి ఊరికే యూఈఎఫ్‌ఐకి మార్చేయకండి, విండోస్‌ బూట్‌ అవ్వదు. ముందు డిస్క్‌ని జీపీటీ పద్ధతిలోకి మార్చాలి. దానికి విండోస్‌లోనే ఎంబీఆర్‌2జీపీటీ అనే టూల్‌ ఉంది. ఇలాంటిది ఎప్పుడూ చేయకపోతే తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

బయోస్‌ ముట్టుకునే ముందు మరో పని. చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్‌ అకౌంట్‌తో లాగిన్‌ అయితే డిస్క్‌ దానంతటదే ఎన్‌క్రిప్ట్‌ అవుతుంది. బయోస్‌లో ఏదైనా మారితే బిట్‌లాకర్‌ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది లేకపోతే ఏ షాపువాళ్లూ మీ డేటా తీయలేరు. మైక్రోసాఫ్ట్‌ అకౌంట్‌ సైట్‌లో డివైజ్‌ల కింద ఆ కీ ఉందేమో చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి. అవును, పెన్నుతోనే!

డి డ్రైవ్‌లో వేస్తే సేఫేనా?

అప్‌గ్రేడ్‌లో ‘ఫైల్స్‌, యాప్స్‌ ఉంచు’ అనే ఆప్షన్‌ ఎంచుకుంటే మామూలుగా ఏదీ పోదు. మరి బ్యాకప్‌ ఎందుకు? మధ్యలో కరెంటు పోవచ్చు. ఆరేళ్ల నాటి హార్డ్‌డిస్క్‌ ఆ బరువుకే మొరాయించవచ్చు. షాపులో ఇస్తే ‘ఫార్మాట్‌ కొట్టి ఫ్రెష్‌గా వేశాం’ అని నవ్వుతూ తిరిగి ఇవ్వవచ్చు. అక్కడ ‘అప్‌గ్రేడ్‌ చేయండి, ఫార్మాట్‌ వద్దు’ అని తెగేసి చెప్పాలి.

మన దగ్గర ఒక అలవాటుంది. హార్డ్‌డిస్క్‌ని సి, డి, ఇ అని ముక్కలు చేసి, ముఖ్యమైనవి డి లో వేసి బ్యాకప్‌ అయిపోయిందనుకుంటాం. మూడూ ఒకే డిస్క్‌ మీద ఉన్న గీతలే. డిస్క్‌ పోతే మూడూ పోతాయి. డెస్క్‌టాప్‌, డౌన్‌లోడ్స్‌ ఫోల్డర్లు మామూలుగా సి లోనే ఉంటాయని కూడా చాలామందికి గుర్తుండదు. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లోనో ఎక్స్‌టర్నల్‌ డిస్క్‌లోనో, రెండోది క్లౌడ్‌లో ఉండాలి. గూగుల్‌ డ్రైవ్‌ ఉచితంగా 15 జీబీ ఇస్తుంది కానీ అందులో మీ జీమెయిల్‌ కూడా కలిసే ఉంటుంది. వన్‌డ్రైవ్‌ ఇచ్చేది 5 జీబీ.

ఫొటోలు, పీడీఎఫ్‌లు అందరూ కాపీ చేస్తారు. మర్చిపోయేది ప్రాజెక్టుకు ప్రాణం లాంటివే. మైఎస్‌క్యూఎల్‌ డేటాబేస్‌ మీ ప్రాజెక్ట్‌ ఫోల్డర్‌లో ఉండదు, సి డ్రైవ్‌లో వేరే చోట దాక్కుని ఉంటుంది. వర్క్‌బెంచ్‌లో డేటా ఎక్స్‌పోర్ట్‌ చేసి ఆ ఫైల్‌ దాచండి. గిట్‌హబ్‌లో పెట్టానని ధీమాగా ఉన్నారా? చివరి వారం మార్పులు పుష్‌ చేశారో లేదో చూడండి. పాస్‌వర్డులు, ఏపీఐ కీలు ఉండే ఎన్వ్‌ ఫైల్‌ మామూలుగా గిట్‌లోకి వెళ్లదు, వెళ్లకూడదు కూడా. దాన్ని విడిగా పెన్‌డ్రైవ్‌లో దాచాలి. ఆండ్రాయిడ్‌ యాప్‌ చేసినవాళ్లకు కీస్టోర్‌ ఫైల్‌ ముఖ్యం. నోడ్‌ మాడ్యూల్స్‌ ఫోల్డర్‌ని మాత్రం వదిలేయండి. వేల కొద్దీ చిన్న ఫైళ్లు కాపీ అవ్వడానికే గంట పడుతుంది, ఒక్క కమాండ్‌తో అవన్నీ తిరిగొస్తాయి.

రెజ్యూమె పీడీఎఫ్‌తో పాటు వర్డ్‌ ఫైల్‌ కూడా దాచండి, లేకపోతే రేపు ఒక్క లైను మార్చడానికి మొత్తం మళ్లీ టైప్‌ చేయాలి. ఇంట్లో ఎవరైనా అను ఫాంట్లతో తెలుగు టైప్‌ చేస్తుంటే ఆ ఫాంట్‌ ఫైళ్లూ కాపీ చేయండి. అవి లేకపోతే అమ్మ రాసుకున్న వంటల పుస్తకం పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. మెకానికల్‌, ఈసీఈ వాళ్లు ల్యాబ్‌ సాఫ్ట్‌వేర్‌ లైసెన్స్‌ వివరాలు రాసిపెట్టుకోండి. మీ వెర్షన్‌ 11లో నడుస్తుందో లేదో కంపెనీ సైట్‌లో ముందే చూడాలి.

వేసే రోజు

డౌన్‌లోడ్‌ కొన్ని జీబీలు ఉంటుంది. రోజుకు 1.5 జీబీ ఇచ్చే మొబైల్‌ రీఛార్జ్‌తో అయ్యే పని కాదు, బ్రాడ్‌బ్యాండ్‌ ఉన్నచోట చేయండి. సి డ్రైవ్‌లో కనీసం 30 జీబీ ఖాళీ చేసుకోండి. ల్యాప్‌టాప్‌కి చార్జర్‌ పెట్టే ఉంచండి, డెస్క్‌టాప్‌ అయితే యూపీఎస్‌ తప్పనిసరి. వైఫై డ్రైవర్‌ని ముందే ల్యాప్‌టాప్‌ కంపెనీ సైట్‌ నుంచి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. నెట్‌ లేకుండా నెట్‌ డ్రైవర్‌ ఎలా దించుతారు?

అప్‌గ్రేడ్‌ విండోస్‌ అప్‌డేట్‌లో కనిపిస్తే అక్కడి నుంచే, లేదంటే మైక్రోసాఫ్ట్‌ సైట్‌లోని ఇన్‌స్టలేషన్‌ అసిస్టెంట్‌తో వేయండి. అసలైన విండోస్‌ 10 ఉన్నవాళ్లకు ఇది ఉచితం. టెలిగ్రామ్‌ గ్రూపుల్లో దొరికే ఫైళ్లు, ‘యాక్టివేటర్లు’ వద్దు. యాంటీవైరస్‌ ఆపేసి రన్‌ చేయమనే సాఫ్ట్‌వేర్‌ని నమ్మి, అదే సిస్టమ్‌లో బ్యాంకు పాస్‌వర్డ్‌ ఎలా కొడతారు? అప్‌గ్రేడ్‌ అయ్యాక డివైజ్‌ మేనేజర్‌లో పసుపు గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఆ తర్వాత రాబోయే టెస్ట్‌ పోర్టల్‌లో సిస్టమ్‌ చెక్‌ చేసుకోండి. ప్రైవసీ సెట్టింగ్స్‌లో కెమెరా, మైక్‌ అనుమతులూ చూసుకోవాలి. ఖాళీ కోసమని ‘విండోస్‌.ఓల్డ్‌’ ఫోల్డర్‌ని అప్పుడే తీసేయకండి. వెనక్కి వెళ్లే దారి అదే.

అర్హత లేకపోతే?

విండోస్‌ 10లో 22హెచ్‌2 వెర్షన్‌ ఉన్నవాళ్లు ఈఎస్‌యూ పథకంలో చేరితే సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. మైక్రోసాఫ్ట్‌ దీన్ని 2026 అక్టోబర్‌ 13 వరకు ప్రకటించింది. మైక్రోసాఫ్ట్‌ అకౌంట్‌తో లాగిన్‌ అయి పీసీ సెట్టింగ్స్‌ బ్యాకప్‌ ఆన్‌ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. రూల్స్‌ దాటించి 11 వేసే చిట్కాలు యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి. అలాంటి సిస్టమ్‌లకు అప్‌డేట్స్‌ గ్యారంటీ లేదని మైక్రోసాఫ్ట్‌ ముందే చెప్పింది. ఉద్యోగం వెతుక్కునే సిస్టమ్‌ మీద ఆ ప్రయోగం నేనైతే చేయమనను.

పాత ల్యాప్‌టాప్‌ని లినక్స్‌ మింట్‌ లేదా ఉబుంటుతో ఇంకొన్నేళ్లు లాగించవచ్చు. కోడింగ్‌ నేర్చుకునేవాళ్లకు అది మంచిదే. అయితే ప్రొక్టరింగ్‌ సాఫ్ట్‌వేర్లు కొన్ని లినక్స్‌లో నడవవు, టెస్ట్‌ రోజుకు ఫ్రెండ్‌ ల్యాప్‌టాప్‌ మాట్లాడి పెట్టుకోండి. ముందు పెన్‌డ్రైవ్‌ నుంచి లైవ్‌గా బూట్‌ చేసి చూడండి. డిస్క్‌లో ఏమీ మారదు, మీ వైఫై, కెమెరా పనిచేస్తున్నాయో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది.