మీకు తెలుసా? సైన్యం లేని దేశం ముందడుగు వేసింది!

సోవియట్ యూనియన్ ఇంకా నిలిచి ఉండగానే, లిథువేనియాను స్వతంత్ర దేశంగా గుర్తించిన మొట్టమొదటి పాశ్చాత్య దేశం ఏదో తెలుసా? అమెరికా కాదు, బ్రిటన్ అంతకన్నా కాదు. ఐస్‌లాండ్! అప్పటికి అక్కడి జనాభా రెండున్నర లక్షల పైచిలుకు. నాటోలో సభ్యదేశమే గానీ సొంత సైన్యమంటూ లేదు. ఆ దేశ రాజధాని రెయిక్యావిక్‌కూ, లిథువేనియా రాజధాని విల్నియస్‌కూ మధ్య దూరం సుమారు 2,800 కిలోమీటర్లు.

లిథువేనియా 1990 మార్చి 11నే స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 1940లో సోవియట్‌లు ఆ దేశాన్ని కలిపేసుకోవడం చెల్లదని అమెరికా ఏళ్ల తరబడి అంటూనే వచ్చింది. తీరా సమయం వచ్చేసరికి ఆ పెద్ద దేశమూ వెనకాడింది, దాని మిత్రులూ వెనకాడారు. సోవియట్ అధినేత గోర్బచేవ్‌ను ఇబ్బంది పెట్టడం వాళ్లకి ఇష్టం లేదు. పైగా గల్ఫ్ యుద్ధం ముంచుకొస్తోంది. పిల్లి మెడలో గంట ఎవరు కడతారు?

1991 జనవరి 13న విల్నియస్ టీవీ టవర్ దగ్గర సోవియట్ సైన్యం జనం మీద విరుచుకుపడింది. 14 మంది చనిపోయారు. లిథువేనియా నాయకుడు లాండ్స్‌బెర్గిస్ (ఈయన రాజకీయాల్లోకి రాకముందు సంగీత చరిత్ర చెప్పే ప్రొఫెసర్) పాశ్చాత్య దేశాల విదేశాంగ మంత్రులను రమ్మని పిలిచాడు. నాటో దేశాల నుంచి కదిలి వచ్చినవాడు ఒక్కడే, ఐస్‌లాండ్ విదేశాంగ మంత్రి జోన్ బాల్డ్విన్ హన్నిబాల్సన్. అప్పుడు విల్నియస్‌లో పార్లమెంటు చుట్టూ కాంక్రీటు దిమ్మెలు అడ్డం పెట్టి ఉన్నాయి. జనం రాత్రింబవళ్లు దానికి కాపలా కాస్తున్నారు.

ఫిబ్రవరి 11న ఐస్‌లాండ్ పార్లమెంటు ఆల్థింగ్ ఒక తీర్మానం చేసింది. అసలు చమత్కారమంతా అందులోనే ఉంది. 'మేం లిథువేనియాను కొత్తగా గుర్తిస్తున్నాం' అని దాని సారాంశం కాదు. '1922లో మేం ఇచ్చిన గుర్తింపు ఇప్పటికీ చెల్లుతుంది' అని! ఆ రోజుల్లో ఐస్‌లాండ్‌కూ డెన్మార్క్‌కూ రాజు ఒక్కడే. ఐస్‌లాండ్ విదేశాంగ వ్యవహారాలు డెన్మార్కే చూసేది. ఆ పాత కాగితాన్నే ఇప్పుడు బయటికి తీశారు. ఎన్నడూ వెనక్కి తీసుకోని గుర్తింపును మళ్లీ ఇచ్చే పనేముంది? ఘనులైన పెద్ద దేశాల న్యాయసలహాదారులకు ఈ ఉపాయం తట్టలేదనుకోలేం. తట్టినా నోరు మెదపలేదంతే.

మాస్కోకు కోపం వచ్చింది. రెయిక్యావిక్‌లోని తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. సోవియట్‌లకు చేపలు అమ్మి, వాళ్ల దగ్గర చమురు కొనుక్కుంటూ వచ్చిన దేశానికి అది చిన్న విషయమేమీ కాదు. అయినా ఐస్‌లాండ్ మాట మార్చలేదు.

ఆగస్టులో మాస్కోలో గోర్బచేవ్‌ను గద్దె దించే కుట్ర విఫలమైంది. దాంతో అంతా చకచకా జరిగిపోయింది. ఆగస్టు 26న లిథువేనియా, లాత్వియా, ఎస్టోనియాల విదేశాంగ మంత్రులు ముగ్గురూ రెయిక్యావిక్‌లో సముద్రపు ఒడ్డునున్న హోఫ్ది అనే తెల్లని చెక్క ఇంట్లో కూర్చుని, ఐస్‌లాండ్‌తో దౌత్య సంబంధాలను పునరుద్ధరించుకునే పత్రాల మీద సంతకాలు చేశారు. 1986లో అమెరికా అధ్యక్షుడు రీగన్, గోర్బచేవ్ భేటీ అయింది కూడా ఈ ఇంట్లోనే. అంతకుముందు ఎప్పుడో అందులో కాపురమున్న ఒక బ్రిటిష్ రాయబారి, రాత్రిళ్లు వింత చప్పుళ్లు వస్తున్నాయంటూ తన ప్రభుత్వం చేత ఆ ఇంటిని అమ్మించేశాడట!

సెప్టెంబరు 6న సోవియట్ యూనియనే మూడు దేశాలనూ గుర్తించక తప్పలేదు. ఆ మర్నాడు భారత్ గుర్తించింది. సెప్టెంబరు 17న ఐక్యరాజ్యసమితి సభ్యత్వమూ వచ్చేసింది.

విల్నియస్ పాతబస్తీలో ఇప్పుడు ఐస్‌లాండ్ పేరుతో ఒక వీధి ఉంది. ఎస్టోనియా రాజధాని తాలిన్‌లోనైతే విదేశాంగ శాఖ కార్యాలయం చిరునామాయే 'ఐస్‌లాండ్ చౌక్, నంబర్ 1'.

క్విజ్ పోటీలకు వెళ్లేవారికో హెచ్చరిక. ఐస్‌లాండ్ కన్నా ముందే, 1990 మే 31న, మాల్డోవా పార్లమెంటు కూడా లిథువేనియాను గుర్తించింది. కాకపోతే మాల్డోవా అప్పటికి ఇంకా సోవియట్ యూనియన్‌లో భాగమే. అందుకని ప్రశ్నలో 'స్వతంత్ర దేశం' అనే మాట ఉందో లేదో చూసుకుని మరీ జవాబివ్వండి.