మంగలికత్తి: వెన్నుకూ వాదరకూ గల లెక్క

కోయిలకుంట్ల ప్రాంతంలో రాతికి కొదువ లేదు. 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరిన ఈ ఊరి పేరిట ఒక శిలాశ్రేణియే ఉన్నది. విలియం కింగ్ అనే భూతత్వ శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలలను గురించి 1872లో పెద్ద గ్రంథం వెలువరించినాడు. కోయిలకుంట్ల సున్నపురాయి, ఔకు పలకరాయి, పాణ్యం ఇసుకరాయి మొదలైన పేర్లు శాస్త్రగ్రంథాలలో నేటికీ నిలిచి ఉన్నవి. అయితే ఇంత రాయి ఇంటి ముంగిట ఉన్నా, మంగలికత్తిని నూరడానికి ఈ సున్నపురాయి పనికిరాదు.

కారణం తేలికగానే తెలుస్తుంది. ఖనిజాల కాఠిన్యాన్ని శాస్త్రజ్ఞులు ఒకటి నుండి పది వరకు కొలుస్తారు. సున్నపురాతిలోని ముఖ్య ఖనిజానికి ఆ కొలతలో స్థానం మూడు. కాల్చి, చల్లార్చి, గట్టిపరచిన ఉక్కుది ఇంచుమించు ఆరున్నర. మెత్తని వస్తువు గట్టి వస్తువును అరగదీయజాలదు గదా. పాణ్యం ఇసుకరాతిలోని స్ఫటికపు రేణువుల కాఠిన్యం ఏడు. అవి ఉక్కును కోయగలవు. కాని ఆ రేణువు ముతక. కొడవలికి అటువంటి గరుకు చాలును. గడ్డం గీచే కత్తికి చాలదు. బెల్జియం దేశంలో దొరికే కాటిక్యూల్ అనే పసుపురాయి కత్తులకు పేరుపడినది. అందులోని గోమేదక జాతి రేణువులు మిల్లీమీటరులో నూరవ వంతుకు అటూ ఇటూగా ఉంటవి. ఈనాడు కృత్రిమంగా చేసిన సానరాళ్లూ, వజ్రపు పొడి అద్దిన పలకలూ కూడ వచ్చినవి. ఒకప్పుడు బనగానపల్లె గులకరాళ్లలో వజ్రాలు తవ్వుకొన్న ప్రాంతమిది. ఆ వజ్రాలు రాజుల కిరీటాలకు పోయినవే గాని, మంగలిపొదిలోకి రాలేదు.

రాయి మంచిదైనంత మాత్రాన పదను రాదు. పదను గుట్టు కత్తి ఆకారంలోనే ఉన్నది. మంగలికత్తిని అడ్డంగా కోసి చూచినట్లు ఊహించుకొందాము. పైన మందమైన వెన్ను, క్రింద సన్నని వాదర. మొత్తం ఒక పొడుగాటి త్రికోణం. వంటింటి కత్తిని నూరేటప్పుడు వెన్నును కొంత పైకెత్తి, ఎంత ఎత్తవలెనో చేతి అంచనాతో నిర్ణయిస్తాము. మంగలికత్తికి ఆ అంచనాతో పని లేదు. వెన్నునూ వాదరనూ రెండింటినీ ఒకేసారి రాతికి ఆనించి నూరవలెను. అప్పుడు వాదర కోణాన్ని నిర్ణయించేది చేయి కాదు, వెన్ను మందం. కత్తిని చేసినవాడే ఆ కోణాన్ని కత్తిలో దాచి ఇచ్చినాడన్న మాట.

లెక్క చూద్దాము. వెన్ను మందం అయిదున్నర మిల్లీమీటర్లు, వెన్ను నుండి వాదర వరకు వెడల్పు 19 మిల్లీమీటర్లు అనుకొందాము. వెడల్పు మందానికి సుమారు మూడున్నర రెట్లు. ఈ కొలతలకు వాదర కోణం సుమారు పదహారున్నర డిగ్రీలు వస్తుంది. మంచి మంగలికత్తులు చాలా వరకు ఈ చుట్టుప్రక్కలనే ఉంటవి. ఇంతకంటె బాగా సన్నబడితే వాదర నిలవక మడత పడుతుంది. బాగా లావైతే వెంట్రుక తెగక పీకుతుంది.

ఇప్పుడు తెలియనివారెవరో పదను త్వరగా రావలెనని వెన్నును రాతిమీద నుండి రెండు మిల్లీమీటర్లు మాత్రమే ఎత్తి, రెండు వైపులా నూరినారనుకొందాము. కోణం ఒక్కసారిగా 29 డిగ్రీలకు పోతుంది. చూపుకు కత్తి కత్తివలెనే ఉంటుంది. గడ్డానికి తగిలిన తరువాత గాని సంగతి తెలియదు. దానిని మరల దారికి తేవలెనంటే ఎంతో ఉక్కును అరగదీయవలసి వస్తుంది. ఏండ్ల తరబడి నూరగా కత్తి వెడల్పు 19 నుండి 13కు తగ్గినదనుకొందాము. వెన్ను మాత్రం అయిదున్నరగానే ఉండిపోతే కోణం 24 డిగ్రీలు దాటవలెను. కాని వెన్ను కూడ రాతికి ఆనుతూ వచ్చినందున అదీ అరుగుతుంది. అది నాలుగు మిల్లీమీటర్లకు వచ్చి ఉంటే కోణం 18 డిగ్రీలలోపే నిలుస్తుంది. కత్తి చిక్కిపోతున్నది గాని గుణం చెడడం లేదు. కొలబద్ద ఎరుగని పల్లెటూరి క్షౌరకుడు ఈ సూక్ష్మాన్ని వేళ్లతో ఎరిగి ఉండేవాడు. “మంగలి పాత, చాకలి కొత్త” అన్న సామెత ఊరికే పుట్టినది కాదని మా నమ్మకం.

రాతిమీద వాదర ముందుకు సాగవలెను. తోలుపట్టీ మీద దీనికి విరుద్ధంగా వెన్ను ముందు, వాదర వెనుక. తోలు ఉక్కును అరగదీసేది స్వల్పం. వంగిన వాదరను చక్కబెట్టడమే దాని పని. పల్లెలలో పట్టీ లేనివారు అరచేతి మీదనే కత్తిని తిప్పడం మన పెద్దలు చూచినదే. ఏ మీద తిప్పినా, వైపు మార్చునపుడు కత్తిని వెన్ను మీదుగా దొర్లించవలెను. వాదర మీదుగా దొర్లిస్తే పట్టీ తెగుతుంది, పదనూ పోతుంది. అరచేయి అయితే చెప్పనక్కరలేదు.

ఇంత సన్నని కోణం నిలవడానికి ఉక్కు కూడ తగినది కావలెను. ఈ విషయంలో తెలుగుదేశానికి పాత కీర్తి ఉన్నది. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసలలో కరగించిన ఉక్కు దేశాంతరాలకు పోయేది. లండనులో శస్త్రాలు చేసే జేమ్స్ స్టోడార్ట్ భారతదేశపు ఉక్కును మెచ్చుకొని వాడినాడు. ఆయనా, మైకేల్ ఫారడే మహాశయుడూ కలిసి ఉక్కు మిశ్రమాల మీద చేసిన పరిశోధనలు 1820లో వెలువడినవి. అయినా ఎంతటి ఉక్కుకైనా గడ్డం లోకువ కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థవారు 2020లో ప్రకటించిన పరిశోధనను బట్టి, ఉక్కుకంటె యాభై రెట్లు మెత్తనిదైన వెంట్రుక ఉక్కు వాదరను పెచ్చులూడగొట్టగలదు. వెంట్రుక వంగి తగిలినప్పుడు, ఉక్కు అంతటా ఒకే తీరుగా లేని చోట, చిన్న పెచ్చు లేస్తుందట.

ఇక నీటి సంగతి. వెంట్రుక నీటిని పీల్చి ఉబ్బి మెత్తబడుతుంది. తడిసిన గడ్డాన్ని కోయడానికి తక్కువ బలం చాలును. దీనికి రెండు మూడు నిమిషాల ఓపిక కావలెను. మన పల్లె క్షౌరకుడు సబ్బు లేకుండా, గిన్నెలోని నీళ్లతోనే చెంపలను వ్రేళ్లతో చాలసేపు రుద్దేవాడు. పిల్లలు దానిని కాలయాపన అనుకొనేవారు. నిజానికి సగం పని అక్కడే జరిగేది. సబ్బు వాడేవారికి ఈ సీమలో మరొక చిక్కున్నది. సున్నపురాతి పొరల గుండా వచ్చిన బావినీరు కఠినజలం. అందులోని సున్నపు లవణాలు సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా విరిగిపోతవి, నురుగు నిలవదు. కోయిలకుంట్ల రాయి కత్తికి ఉపకారం చేయకపోగా, సబ్బుకు ఈ విధంగా అపకారం కూడ చేస్తున్నదన్న మాట. పట్టి ఉంచిన వాననీరు వాడితే కొద్ది సబ్బుకే దట్టమైన నురుగు వస్తుంది.

జిల్లెట్ అనే అమెరికనుడు 1903లో పారవేసే బ్లేడును అంగడికి తెచ్చినాడు. ఇళ్లలో గడ్డం ఎవరికి వారే గీచుకొనే అలవాటు దానితో వ్యాపించినది. దుకాణాలలోని కత్తిని మార్చినది మాత్రం రోగభయం. భారతదేశంలో ఎయిడ్సు క్రిమిని మొదట గుర్తించినది 1986లో. అంతకంటె మొండిది కామెర్లు కలిగించే హెపటైటిస్ బి క్రిమి. అది శరీరం వెలుపల ఏడు రోజులైనా బ్రతికి ఉండగలదు. కంటికి కనబడని గాటు నుండి ఒక కత్తి పదిమందికి రోగం అంటించగలదు. అందుచేత బ్లేడును రెండుగా విరిచి, పాత కత్తి ఆకారంలోని పిడిలో బిగించి వాడుతున్నారు. ఆ మార్పు మంచిదే. కాని ఈ బ్లేడు మందం మిల్లీమీటరులో పదవ వంతు మాత్రమే; వెన్ను లేదు, బరువు లేదు, నూరే పని అసలే లేదు. చర్మాన్ని బిగలాగి, సుమారు 30 డిగ్రీల వాలున తేలికగా నడిపే చేతి నేర్పు మిగిలినది. సానరాతి విద్య చాలవరకు పోయినది. దుకాణంలో కూర్చున్నవారు తమ కండ్ల ఎదుట క్రొత్త బ్లేడు విరవమని అడగడానికి మొగమోటపడరాదు. మంచి పనివాడు అందుకు నొచ్చుకొనడు.

తాతల నాటి కత్తి ఇంటి పెట్టెలో ఉన్నవారు దానిని కాయగూరలకో, పెన్సిళ్లకో వాడి పాడుచేయవద్దని మా మనవి. వెన్నుకు ఇరువైపులా నిగనిగలాడే సన్నని అరుగుదల పట్టీ కనబడితే దానిని తెలిసినవారు నూరినారని గుర్తు. ఆ పట్టీ ఒక చివర వెడల్పుగా, మరొక చివర సన్నగా ఉంటే చేతి ఒత్తిడి ఒక వైపే పడినదన్న మాట. తుప్పు వెన్ను మీద ఉంటే భయం లేదు; వాదరను తిని ఉంటే మాత్రం అంత మేర అరగదీయక తప్పదు. శుభ్రపరచి, బాగా తుడిచి, పలుచగా నూనె రాసి పొడిగా ఉంచవలెను. తోలు ఒరలో మాత్రం దాచరాదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది.