బాల్డర్: అందరూ ప్రాణంగా చూసుకున్న దేవుడు.. ఒక లేత మొక్క చేతిలో ఎలా చనిపోయాడు? నార్స్ పురాణాల్లో ఏముందంటే..

థోర్, లోకీ, ఓడిన్.. హాలీవుడ్ సూపర్ హీరో సినిమాలు చూసేవాళ్లకు ఈ పేర్లు కొత్త కాదు. కానీ అసలు పురాణాల్లో దేవతలందరూ ప్రాణంగా చూసుకున్నది వీళ్లెవరినీ కాదు. ఆయన పేరు బాల్డర్. విచిత్రం ఏంటంటే.. బాల్డర్ ఏం సాధించాడన్నది ఆ కథల్లో పెద్దగా కనిపించదు. ఎలా చనిపోయాడు, ఎందుకు తిరిగి రాలేకపోయాడు అన్నదే కథంతా. ఆయన కోసం లోకమంతా ఒక్క మాట మీద నిలబడింది. ఒక్కరు తప్ప. అది కూడా ఒకసారి కాదు, రెండుసార్లు జరిగింది.

అసలు ఎవరీ బాల్డర్?

క్రైస్తవం రాకముందు నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఐస్‌లాండ్ ప్రాంతాల్లో జనం చెప్పుకున్న దేవతల కథలనే నార్స్ పురాణాలు అంటారు. ఆ దేవతలకు పెద్ద ఓడిన్. ఆయన భార్య ఫ్రిగ్. ఇంగ్లీషులో శుక్రవారానికి ఫ్రైడే అనే పేరు వచ్చింది ఈమె పేరు మీదే. వీళ్లిద్దరి కొడుకు బాల్డర్. భార్య పేరు నన్నా, కొడుకు ఫోర్సెటి.

ఒంట్లోంచి వెలుగు వచ్చేంత అందగాడు, మాట మెత్తన, తెలివిలో అందరికంటే మిన్న అని ఐస్‌లాండ్ రచయిత స్నోరి స్టుర్లుసన్ రాశాడు. 1220 ప్రాంతంలో ఆయన రాసిన 'ఎడ్డా' అనే పుస్తకం వల్లే ఈ కథ ఇంత వివరంగా మనకు దొరికింది. చామంతిని పోలిన ఒక తెల్ల పువ్వును ఐస్‌లాండ్‌లో ఇప్పటికీ బాల్డర్ కనురెప్పల పేరుతోనే పిలుస్తారు.

పీడకలలు.. తల్లి తీసుకున్న ఒట్లు

ఉన్నట్టుండి బాల్డర్‌కు చెడు కలలు మొదలయ్యాయి. ప్రాణానికే ముప్పు ఉందని చెప్పే కలలు. ఓడిన్ ఊరుకోలేదు. ఎనిమిది కాళ్ల గుర్రం స్లెయిప్నిర్ ఎక్కి చనిపోయినవాళ్ల లోకానికి వెళ్లాడు. ఎప్పుడో కన్నుమూసిన ఒక సోదెగత్తెను మంత్రంతో లేపి, పేరు మార్చి చెప్పి, ఇక్కడ ఈ విందు ఏర్పాట్లు ఎవరి కోసమని అడిగాడు. బాల్డర్ కోసమే అంది ఆమె. చంపేది ఎవరో కూడా చెప్పేసింది. అంటే తండ్రికి ముందే తెలుసు.

తల్లి ఫ్రిగ్ మాత్రం ఆ రాతను మార్చాలనుకుంది. నిప్పు, నీరు, ఇనుము, రాళ్లు, మట్టి, చెట్లు, రోగాలు, జంతువులు, పక్షులు, విషం, పాములు.. అన్నింటి దగ్గరా ఒట్టు తీసుకుంది. బాల్డర్‌కు హాని చేయబోమని అన్నీ మాటిచ్చాయి. ఇక్కడ తెలుగువాళ్లకు హిరణ్యకశిపుడి వరం గుర్తుకు రావచ్చు. తేడా ఏంటంటే.. అక్కడ వరం అడిగింది అసురుడు, ఇక్కడ కొడుకు కోసం తిరిగింది ఒక తల్లి.

ఒట్లు పూర్తయ్యాక దేవతలకు అదో ఆటైపోయింది. బాల్డర్‌ను మధ్యలో నిలబెట్టి ఒకరు బాణం వేసేవారు, ఒకరు కత్తి దూసేవారు, ఇంకొకరు రాయి విసిరేవారు. ఏదీ ఆయన్ను తాకి గాయపరిచేది కాదు. అందరూ నవ్వుకునేవారు. లోకీకి మాత్రం అది నచ్చలేదు. ఎందుకు నచ్చలేదన్న దానికి స్నోరి పెద్ద కారణమేమీ చెప్పలేదు. బాల్డర్‌కు దెబ్బ తగలకపోవడమే లోకీకి కంటగింపు, అంతే. సినిమాల్లో లోకీని థోర్ తమ్ముడిగా చూపిస్తారు కానీ, పురాణాల్లో అతడు ఓడిన్‌తో రక్తం కలుపుకుని సోదరుడైనవాడు. అంటే బయటివాడు కాదు.

ఒట్టు అడగని ఆ ఒక్క మొక్క..

లోకీ ఆడవేషంలో ఫ్రిగ్ ఇంటికి వెళ్లాడు. మాటల్లో పెట్టి, నిజంగా అన్నీ ఒట్టు వేశాయా అని ఆరా తీశాడు. వల్‌హల్లాకు పడమటి వైపు మిసిల్టో అనే చిన్న మొలక ఒకటి ఉందని, మరీ లేతది కదా అని దాన్ని అడగలేదని ఆమె చెప్పేసింది. ఇదీ అసలు విషాదం. ఆమె మర్చిపోలేదు. పసిదాన్ని పట్టుకుని ఒట్టు వేయించుకోవడమేంటి అనుకుని వదిలేసింది.

మిసిల్టో అంటే ఏంటి? మన మామిడి కొమ్మలకు పట్టే బదనిక లాంటి మొక్క. నేలలో వేళ్లు ఉండవు. ఇంకో చెట్టు కొమ్మలోకి వేళ్లు దించి నీళ్లు, లవణాలు లాక్కుంటుంది. ఆకులు మాత్రం పచ్చగా ఉండి ఎండతో సొంతంగా ఆహారం తయారు చేసుకుంటాయి. చలికాలంలో ఆశ్రయమిచ్చిన చెట్టు ఆకులు రాల్చి మోడైనా ఇది పచ్చగానే ఉంటుంది. నేల మీద మొలిచేదీ కాదు, తానుగా ఒక చెట్టూ కాదు కాబట్టే ఒట్టులో పడలేదని కొందరు వివరిస్తుంటారు. ఇంత మెత్తటి మొక్కతో ఆయుధం ఎలా చేస్తారన్న అనుమానమూ ఉంది. నిజానికి ఐస్‌లాండ్‌లో మిసిల్టో పెరగదు. అందుకే స్నోరి దాన్ని కళ్లతో చూసి ఉండకపోవచ్చన్న వాదన వినిపిస్తుంది.

గుడ్డివాడి చేతికి ఆయుధం ఇచ్చి..

మిసిల్టో పీక్కుని లోకీ తిరిగొచ్చేసరికి ఆట జోరుగా సాగుతోంది. గుంపు బయట ఒకరు ఒంటరిగా నిలబడి ఉన్నారు. అతడు హోడ్. ఓడిన్ కొడుకే, బాల్డర్‌కు సోదరుడే. చూపు లేదు. నువ్వెందుకు ఆడట్లేదని లోకీ అడిగాడు. బాల్డర్ ఎక్కడున్నాడో కనిపించదు, పైగా చేతిలో ఏమీ లేదని హోడ్ బదులిచ్చాడు. అందరిలా నువ్వూ గౌరవం చూపించు, ఎటు విసరాలో నేను చెబుతా అంటూ లోకీ ఆ పుల్లను అతడి చేతిలో పెట్టాడు.

హోడ్ విసిరాడు. అది బాల్డర్ ఒంట్లోంచి దూసుకుపోయింది. ఆయన అక్కడికక్కడే కుప్పకూలాడు.

దేవతల నోట మాట రాలేదు. పవిత్ర స్థలం కావడంతో అప్పటికప్పుడు పగ తీర్చుకునే వీల్లేదు. ఆనాటి సమాజంలో ఒక మనిషిని చంపితే చనిపోయినవాడి కుటుంబం పగైనా తీర్చుకోవాలి, పరిహారమైనా తీసుకోవాలి. మరి చంపినవాడు, చనిపోయినవాడు ఒకే తండ్రి బిడ్డలైతే? ఓడిన్ ఎటూ తేల్చుకోలేని పరిస్థితి అది. పురాణం దీనికి కఠినమైన దారే చూపించింది. పగ కోసమే ఓడిన్‌కు రిండ్ అనే ఆమె ద్వారా వాలి అనే కొడుకు పుట్టాడు. పుట్టిన ఒక్క రాత్రికే యుద్ధానికి వెళ్లి హోడ్‌ను చంపేశాడు. చేయించినవాడు లోకీ అయితే, ముందు ప్రాణం పోయింది మాత్రం కళ్లులేని హోడ్‌ది. ఒక్క కొడుకు చావుతో మొదలై ఓడిన్ ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్నాడు.

కదలని ఓడ.. చెవిలో చెప్పిన మాట

బాల్డర్ ఓడ పేరు హ్రింగ్‌హోర్ని. అంత పెద్ద ఓడ ఇంకోటి లేదట. దాని మీదే చితి పేర్చారు. కానీ దేవతలంతా కలిసి తోసినా అది కదల్లేదు. చివరికి హిరోకిన్ అనే రాక్షస స్త్రీని పిలిపించారు. పాములను కళ్లెంగా కట్టి, తోడేలు మీద స్వారీ చేస్తూ వచ్చిందామె. ఒక్క తోపుకే ఓడ కదిలింది, కింద దుంగల నుంచి నిప్పులు లేచాయి. భర్త శవాన్ని చూసి నన్నా గుండె పగిలి చనిపోయింది. ఆమెనూ అదే చితి మీద పడుకోబెట్టారు. ప్రతి తొమ్మిదో రాత్రి తనలాంటి ఎనిమిది కడియాలను రాల్చే బంగారు కడియం ద్రౌప్నిర్‌ను ఓడిన్ చితిపై పెట్టాడు.

కొడుకు చెవిలో ఏదో చెప్పాడు కూడా. ఆ మాట ఏంటన్నది ఏ పాత గ్రంథంలోనూ లేదు. ఒక పాత కవితలో ఓడిన్ ఒక రాక్షసుడితో జ్ఞానంలో పోటీ పడతాడు. చివర్లో ఇదే ప్రశ్న అడిగి గెలుస్తాడు. ఎందుకంటే జవాబు ఓడిన్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

అందరూ ఏడిస్తేనే వదులుతానన్న హెల్

మరోవైపు ఫ్రిగ్ ఇంకా ఆశ వదులుకోలేదు. హెర్మోడ్ అనే దేవుడు స్లెయిప్నిర్ మీద తొమ్మిది రాత్రులు చీకటి లోయల్లో ప్రయాణించి చనిపోయినవాళ్ల లోకం చేరాడు. అక్కడ రాణి హెల్. ఈమె ఎవరో కాదు, లోకీ కూతురే. బాల్డర్‌ను అంతగా ప్రేమిస్తే లోకంలో ఉన్నవన్నీ, ప్రాణం ఉన్నవీ లేనివీ, ఆయన కోసం ఏడవాలని ఆమె షరతు పెట్టింది. ఒక్కరు కాదన్నా పంపనంది.

కబురు అందింది. మనుషులు, జంతువులు, రాళ్లు, చెట్లు, లోహాలు.. అన్నీ ఏడ్చాయి. చలిలోంచి వేడి చోటికి తెచ్చిన ఇనుము మీద నీటి చుక్కలు కనిపిస్తాయి కదా, అది ఆ ఏడుపే అన్నట్టు స్నోరి రాశాడు. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసుకు చెమట పట్టడం రోజూ చూసేవాళ్లకు ఆ పోలిక వెంటనే అర్థమవుతుంది.

దూతలు తిరిగొస్తుంటే ఒక గుహలో థోక్ అనే రాక్షస స్త్రీ కనిపించింది. బాల్డర్ బతికుండగా తనకేం ఒరగబెట్టలేదని, హెల్ దగ్గరున్నది హెల్ దగ్గరే ఉండనీ అని తేల్చి చెప్పింది. అంతే.. బాల్డర్ అక్కడే ఉండిపోయాడు. ఆ థోక్ మారువేషంలో ఉన్న లోకీయేనని అందరూ అనుకున్నారని స్నోరి అంటాడు. తర్వాత దేవతలు చేపరూపంలో దాక్కున్న లోకీని వల వేసి పట్టుకుని బండరాళ్లకు కట్టేశారు. ముఖం మీద పాము విషం చుక్కలుగా పడుతుంటుంది. భార్య సిగిన్ గిన్నె పట్టి కాపాడుతుంది. గిన్నె పారబోయడానికి వెళ్లినప్పుడు విషం మీద పడి లోకీ గింజుకుంటే భూకంపాలు వస్తాయట.

ఇంకో కథలో బాల్డర్ మంచివాడే కాదు!

ఇదంతా స్నోరి చెప్పిన కథ. ఐస్‌లాండ్ క్రైస్తవంలోకి మారిన రెండు వందల ఏళ్లకు, ఒక క్రైస్తవుడు రాసింది. అందుకే బాల్డర్‌ను మరీ అమాయకుడిగా, పవిత్రుడిగా చూపించడంలో క్రీస్తు ఛాయలు ఉన్నాయని కొందరు పండితుల అభిప్రాయం. అలాగని కథంతా కల్పన అనడానికి లేదు. 10వ శతాబ్దం చివర్లోనే ఐస్‌లాండ్‌లోని ఒక పెద్దింటి చెక్కల మీద చెక్కిన బొమ్మలను వర్ణిస్తూ ఉల్ఫ్ ఉగ్గాసన్ అనే కవి బాల్డర్ అంత్యక్రియల గురించి చెప్పాడు. అంటే స్నోరికి రెండు శతాబ్దాల ముందే జనానికి ఈ కథ తెలుసు.

స్నోరి కంటే కాస్త ముందు డెన్మార్క్‌లో సాక్సో గ్రమాటికస్ లాటిన్‌లో రాసిన చరిత్రలో మాత్రం సీన్ మొత్తం రివర్స్. అందులో హోడ్ గుడ్డివాడు కాదు, వీరుడు. నన్నా ప్రేమించింది అతడినే. స్నానం చేస్తున్న నన్నాను చూసి మోహించి వెంటపడేది బాల్డర్. మిసిల్టో ఊసే లేదు, ఒక ప్రత్యేకమైన కత్తితో హోడ్ అతడిని గాయపరిచి చంపుతాడు. 2018లో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్' వీడియో గేమ్‌లోనూ బాల్డర్ విలనే. తల్లి చేసిన మంత్రం వల్ల నొప్పే కాదు, ఏ స్పర్శా తెలియక పిచ్చెక్కిపోయిన కొడుకుగా చూపించారు. అక్కడా ఆ మంత్రాన్ని విరిచేది మిసిల్టోనే.

పాత ఐస్‌లాండ్ కవితల ప్రకారం కథ హెల్ లోకంలో ఆగిపోదు. రాగ్నరోక్ అనే మహా విధ్వంసం వస్తుంది. ఓడిన్‌ను తోడేలు మింగేస్తుంది. థోర్ మహాసర్పాన్ని చంపి, దాని విషానికి తానూ పడిపోతాడు. కట్లు తెంచుకొచ్చిన లోకీ, హైమ్‌డాల్ ఒకరినొకరు చంపుకుంటారు. భూమి సముద్రంలో మునిగి మళ్లీ పచ్చగా పైకి లేస్తుంది. అప్పుడు హెల్ దగ్గర నుంచి ఇద్దరు తిరిగొస్తారు. ఒకరు బాల్డర్, రెండోవాడు హోడ్. అందరూ కలిసి కూర్చుని పాత సంగతులు మాట్లాడుకుంటారని స్నోరి రాశాడు.