మత్తు దిగిన తరువాత మిగిలే స్వభావం

మద్యవ్యసన చికిత్స ముగించుకొని ఇంటికి వచ్చిన మనిషి మూడు వారాలుగా చుక్క ముట్టలేదు. చేతుల వణుకు తగ్గింది, ఆకలి పుడుతోంది. అయినా చిన్న మాటకు కంచం విసరడం మానలేదు. ఉదయం ఇచ్చిన మాట సాయంత్రానికి నిలవడం లేదు. ఆసుపత్రి ఖర్చుకు నగలు తాకట్టు పెట్టిన భార్యకు కలిగే ప్రశ్న ఒక్కటే: తాగుడు పోయినప్పుడు ఈ కోపం ఎందుకు పోలేదు? ఇరుగుపొరుగువారి వద్ద ఇందుకు సిద్ధంగా ఉండే సమాధానం, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదన్న సామెత. వైద్యశాస్త్రం ఆ సామెతలోని మొదటి సగాన్ని సందేహిస్తుంది. రెండవ సగాన్ని చాలావరకు తోసిపుచ్చుతుంది.

ముందుగా చూడవలసినది కాలం. ఏళ్ల తరబడి రోజూ తాగిన శరీరానికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే, మొదటి రోజులోనే వణుకు, చెమట, నిద్రలేమి మొదలవుతాయి. కొందరికి రెండు రోజులలోపు మూర్ఛ వస్తుంది. రెండు మూడు రోజులకు మరికొందరు ఎక్కడున్నారో, ఎవరితో మాట్లాడుతున్నారో తెలియని స్థితికి చేరుతారు. ఇది ప్రాణాపాయ స్థితి. అటువంటివారిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే ప్రయత్నం ఎంతమాత్రం తగదు. ఈ ఘట్టం దాటిన తరువాత కూడా చిరాకు, ఆందోళన, దిగులు వారాల తరబడి సాగవచ్చు. మద్యం వల్ల కలిగిన దిగులు చాలామందిలో రెండు నుండి నాలుగు వారాలలో గణనీయంగా తగ్గుతుంది. అందుచేత చేరిన మొదటి వారంలోనే రోగి స్వభావంపై తీర్పు చెప్పడానికి అనుభవజ్ఞులైన వైద్యులు తొందరపడరు.

ఇక్కడ మరొక పొరపాటు తరచుగా జరుగుతుంది. దీర్ఘకాలం అన్నం మాని తాగినవారిలో థయమిన్ అనే బి1 విటమిన్ లోపించి, కొందరికి జ్ఞాపకశక్తి దెబ్బతింటుంది. నిన్న జరిగినది గుర్తుకు రాక, ఆ ఖాళీని మనసు తనంతట తానే ఏదో ఒక కథతో పూరిస్తుంది. చెప్పేవానికి అది నిజమే. వినేవారు మాత్రం అతనిని అబద్ధాలకోరు అంటారు. అది వ్యక్తిత్వ దోషం కాదు, మెదడుకు తగిలిన దెబ్బ. వెంటనే థయమిన్ అందించవలసిన అత్యవసర విషయం.

పక్కపక్క మంచాలపై ఉన్న ఇద్దరు రోగులను ఊహించుకోవచ్చు. ఇద్దరికీ నలభై ఏళ్లు. ఇద్దరూ ఇంట్లో చెయ్యి చేసుకొన్నారు, అప్పులు ఎగవేశారు, నిన్న రాత్రి నర్సుపై అరిచారు. కేసు షీటులో ఆనాటి నమోదు ఇద్దరిదీ ఒకటే. మొదటివాని తల్లిని అడిగితే, బడిలో నెమ్మదస్తుడని, తమ్ముడి చదువుకు తానే ఫీజు కట్టాడని, ముప్పై దాటాక వ్యాపారం దెబ్బతిని తాగుడు పెరిగిందని, ఆ తరువాతనే ఈ కోపమని చెబుతుంది. రెండవవాని అక్క చెప్పే కథ వేరు. పన్నెండో ఏటనే ఇంట్లో డబ్బు మాయం కావడం, బడి ఎగవేత, తనకన్న చిన్నపిల్లలను కొట్టడం. మద్యం ఆ తరువాత వచ్చింది. నెలల తరబడి తాగకుండా ఉన్న కాలంలో కూడా ఏ పనిలోనూ నిలవలేదు, ఎవరికి కలిగిన నష్టానికీ నొచ్చుకోలేదు. మొదటివానిలో నడత తాగుడు వెంట వచ్చింది. రెండవవానిలో తాగుడు నడత వెంట వచ్చింది. ఈ తేడా రక్తపరీక్షలో కనబడదు; వెనుకటి జీవితాన్ని ఓపికగా అడిగి తెలుసుకొంటేనే బయటపడుతుంది. సంఘవిరోధ వ్యక్తిత్వాన్ని నిర్ధారించడానికి పదిహేనేళ్లలోపే దాని ఛాయలు కనబడి ఉండాలని అమెరికా మనోవైద్యుల వర్గీకరణ నియమం పెట్టింది ఇందుకే.

తెలుగు మనస్తత్వ గ్రంథాలు మూర్తిమత్వం అని, కేసు షీట్లు పర్సనాలిటీ డిజార్డర్ అని వ్యవహరించే ఈ రుగ్మత గొడవచేసేవారికే పరిమితం కాదు. తనను విడిచిపోతారన్న భయంతో క్షణానికొక రీతిగా మారి, తన చేతిని తానే కోసుకొని, ఆ మంటను మద్యంతో చల్లార్చుకొనేవారు ఉన్నారు. నలుగురి ముందు నోరు పెగలక, పెండ్లికి వెళ్లాలన్నా ముందుగా రెండు పెగ్గులు వేసుకొనేవారు ఉన్నారు. ఈ చివరివారు వార్డులో ఎవరినీ నొప్పించరు కనుక ఎవరి కంటా పడరు. సమస్య గుర్తింపు పొందకుండానే ఇంటికి వెళ్లిపోతారు.

2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండవ వర్గీకరణ, పాత రకాల పేర్లను చాలావరకు పక్కన పెట్టి, రుగ్మత స్వల్పమా, మధ్యమమా, తీవ్రమా అన్నదానికి ప్రాధాన్యమిచ్చింది. తన్ను తాను అర్థం చేసుకోవడంలో, ఇతరులతో మెలగడంలో ఉన్న ఇబ్బంది రెండేళ్లు లేదా అంతకు మించి కొనసాగాలి; అది మద్యం ప్రభావంగానో, మానుకొన్న దశ లక్షణంగానో తేలరాదు. అమెరికాలో 2001-02లో 43,000 మందికి పైగా వయోజనులపై జరిగిన సర్వేలో, మద్యపాన రుగ్మత ఉన్నవారిలో 28.6 శాతం మందికి కనీసం ఒక వ్యక్తిత్వ రుగ్మత కనబడింది. చికిత్సా కేంద్రాలకు చేరినవారిలో ఈ నిష్పత్తి సాధారణంగా ఇంకా ఎక్కువ. ఈ అంకెను రెండు వైపుల నుండీ చదవాలి: ఆ సర్వేలో పదిమందిలో ఏడుగురికి అటువంటి రుగ్మత లేదు. మన దేశంలో మద్యం వల్ల సహాయం అవసరమైన స్థితికి చేరినవారు సుమారు 5.7 కోట్లని 2019లో వెలువడిన జాతీయ నివేదిక అంచనా వేసింది. వారందరినీ చెడ్డ స్వభావులనడం ఎంత అన్యాయమో వేరుగా చెప్పనక్కరలేదు.

బెంగళూరులోని తెలుగు కుటుంబాలకు ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. వైద్యుడు కన్నడంలో అడుగుతాడు, ఇంగ్లీషులో రాస్తాడు, ఇంటివారు తెలుగులో తలచుకొంటారు. రోషగాడు, మొండివాడు, తిక్కమనిషి, పౌరుషం గలవాడు అన్న మాటలు ఇంట్లో సగం నింద, సగం మెప్పు. అవి మరొక భాషలోకి మారేటప్పుడు ఆ మెప్పు రాలిపోయి నిందే మిగులుతుంది. విశేషణాలకన్న సంఘటనలు చెప్పడం మేలు: ఏ ఏట, ఎక్కడ, ఏమి జరిగింది, అప్పుడు తాగుడు ఉన్నదా లేదా. తెలుగు తెలిసిన సిబ్బంది కావాలని అడగడానికి సంకోచించనవసరం లేదు. భాష వచ్చునని బడిపిల్లవాణ్ణి దుబాసిగా నిలబెట్టి, తండ్రి కొట్టిన సంగతులు వాని నోటనే చెప్పించడం మాత్రం మానుకోవాలి.

రుగ్మత ఉందని తేలితే చికిత్స మారుతుంది, ఆగదు. తాగితే వాంతులు, గుండెదడ, రక్తపోటు పతనం కలిగించే డైసల్ఫిరామ్ మాత్ర, క్షణికావేశం గలవారికి ప్రమాదకరం కావచ్చు. వైద్యుడు ఆచితూచి ఇస్తాడు. దానిని రోగికి తెలియకుండా సాంబారులో కలిపే ఆనవాయితీ కొన్ని ఇళ్లలో ఉన్నది. అది ప్రాణం మీదికి తెచ్చే పని. మద్యంపై కోరికను తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులున్నాయి. వ్యక్తిత్వ రుగ్మతను నయం చేసే మాత్ర అంటూ లేదు. అక్కడ పనిచేసేది నెలల తరబడి సాగే మానసిక చికిత్స. తన్ను తాను గాయపరచుకొనేవారి కోసం అమెరికా మనస్తత్వవేత్త మార్షా లినెహాన్ రూపొందించిన పద్ధతి, ఆవేశపు అలను దాటే నైపుణ్యాలను ఒక్కొక్కటిగా నేర్పుతుంది; దానిని తరువాత వ్యసనం ఉన్నవారికి కూడా అనువుగా మలిచారు. ముందు తాగుడు పూర్తిగా మాని రమ్మని, తరువాతనే మనసు సంగతి చూస్తామని పంపివేయడం పాత పద్ధతి; రెండింటినీ కలిపి చూడడమే సరైనది. ఇటువంటివారు చికిత్స మధ్యలో మానివేసే అవకాశం, ఆత్మహత్యకు తలపడే అవకాశం ఎక్కువ. కాబట్టి తారీకుకు రాని రోగి పేరును కొట్టివేయడం కాదు, అతనికి ఫోను చేయడం అవసరం.

ఇక సామెత రెండవ సగం. అస్థిరమైన భావోద్వేగాలు గల వ్యక్తిత్వ రుగ్మత ఉన్నవారిని అమెరికాలో పదేళ్లు అనుసరించిన అధ్యయనం ఫలితాలు 2011లో వెలువడ్డాయి. వారిలో 85 శాతం మంది ఏడాదిపాటు రుగ్మత ప్రమాణాలకు లోబడకుండా బయటపడ్డారు. ఉద్యోగం, స్నేహాలు మాత్రం అంత వేగంగా కోలుకోలేదు. ఆ మాటా దాచరాదు. ఇదే రుగ్మతపై జరిగిన మరొక దీర్ఘకాల అధ్యయనంలో, కోలుకోవడానికి అన్నిటికన్న పెద్ద అడ్డంకిగా తేలినది మద్యం, మత్తుపదార్థాల వాడకమే. తాగుడు మానడం వల్ల స్వభావం వెంటనే మారకపోవచ్చు గాని, మారే దారి మాత్రం అక్కడే తెరుచుకొంటుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మద్యపానంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం నిర్వచనంలో చేర్చింది. సమాజపు నైతిక, సాంస్కృతిక విలువలకు లోబడలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగిగా నిర్ణయించరాదని కూడా అదే చట్టం చెబుతోంది. తాగే స్త్రీ విషయంలో ఈ రెండవ మాట మరింత అవసరం. పురుషునిలో వ్యసనం అనిపించుకొనేది ఆమెలో గుణం అనిపించుకొంటుంది. మరొక వైపు, రుగ్మత ఉందన్న మాట దెబ్బలకు అనుమతిపత్రం కాదు. ఇంట్లో హింస జరిగితే మహిళా సహాయ సంఖ్య 181కి, తక్షణ ప్రమాదమైతే 112కు ఫోను చేయవచ్చు.

ఆసుపత్రికి వెళ్లే ముందు ఒక కాగితంపై రోగి వయస్సు వరుసగా రాసుకొని, బడి, పని, పెండ్లి, తాగుడు మొదలు, మానిన నెలలు, పెద్ద గొడవలు ఎదురెదురుగా గుర్తుపెట్టుకొంటే గంట పట్టే విచారణ పది నిమిషాలలో దారికి వస్తుంది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై రాత్రింబవళ్లు ఉచితంగా లభిస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. వ్యసన విముక్తికి సంబంధించిన జాతీయ ఉచిత సంఖ్య 14446. రోగి ఇంకా చికిత్సకు ఒప్పుకోకపోయినా, ఇంటివారు తమ కోసం ఫోను చేయవచ్చు.