వార్తల్లో పదం: రిప్రీవ్

శిక్ష అమలును కొంతకాలం ఆపడాన్ని రిప్రీవ్ అంటారు. ఇది క్షమాభిక్ష కాదు, నిర్దోషి అన్న తీర్పూ కాదు. శిక్ష అలాగే ఉంటుంది, అమలు తేదీ మాత్రమే పోతుంది.

అమెరికాలోని తెలుగువాడు యండమూరి రఘునందన్ ఉదంతమే చూడండి. 2012లో పెన్సిల్వేనియాలో ఓ పసిపాపనూ, ఆమె నానమ్మనూ చంపాడన్న కేసులో 2014లో మరణశిక్ష పడింది. పోలీసుల ముందు ఒప్పుకున్న అతడు, తర్వాత తాను చంపలేదని అడ్డం తిరిగాడు. జ్యూరీ నమ్మలేదు. 2018 ఫిబ్రవరి 23న శిక్ష అమలు చేయాలంటూ వారంట్ వచ్చింది. కానీ అప్పటి గవర్నర్ టామ్ వుల్ఫ్ 2015లోనే రిప్రీవ్‌లు ఇస్తూ మరణశిక్షల అమలును నిలిపేశారు. ఆ రాష్ట్రంలో 1999 తర్వాత ఎవరికీ శిక్ష అమలు కాలేదు.

మన దగ్గర? జంగారెడ్డిగూడెం ఠాణాలో ఎవరైనా నేరం ఒప్పుకున్నా, ఆ మాట కోర్టులో చెల్లదు. దాన్నిబట్టి ఏ కత్తో, నగో దొరికితే ఆ మేరకే సాక్ష్యం. సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసినా హైకోర్టు ధ్రువీకరించాలి. ఆపై రిప్రీవ్, క్షమాభిక్ష వంటి అధికారాలు రాజ్యాంగం 72వ అధికరణం కింద రాష్ట్రపతికి ఉన్నాయి.

రిప్రీవ్ ఇచ్చేది గడువే. నిర్దోషినన్న వాదన తేలాల్సింది మాత్రం కోర్టులోనే.