మోటారుకార్ల పరిశుభ్రత: రైతుకుటుంబమునకొక యుపవృత్తి

పంట ఇంటికి వచ్చినది మొదలు మరల దుక్కులు ప్రారంభమగువరకు మన భీమునిపట్నము ప్రాంతమున యువకులకు చేతినిండ పని యుండదు. కొబ్బరి, జీడిమామిడి తోటలు గలవారికి కొంత పని దొరకునుగాని అదియును నిండుగా నుండదు. పాడి, కోళ్ళు, తేనెటీగలు మున్నగు నుపవృత్తులు రైతులకు క్రొత్తవి కావు. ఇటీవల మేము గ్రామములకు పోయినప్పుడెల్ల యువకులు మమ్మడుగుచున్నది వేరొక పనిని గూర్చి. కార్లను కడిగి, లోపల వెలుపల బాగుచేసి, మెరుగుపెట్టు పని యది. పట్టణమువారు దీనిని డీటెయిలింగ్ అందురు. దీనిలో లాభ మెంత, అపాయ మెక్కడ, ఎట్లు మొదలుపెట్టవలెను అను విషయములను మాకు తెలిసినంతవరకు ఇచట వివరింతుము.

ఈ పనికి మన ప్రాంతము తగియున్నది. విశాఖపట్నమునుండి భీమునిపట్నమునకు సముద్రపుటొడ్డున వచ్చు బాట రమారమి 25 కిలోమీటరులు. ఋషికొండ, తొట్లకొండ, ఎఱ్ఱమట్టి దిబ్బలు చూచుకొనుచు గోస్తని సముద్రమున గలియు చోటివరకు వచ్చువారు ఆదివారములందును, కార్తికమాసపు వనభోజనములకును మెండుగా నుందురు. ఉత్తరమున భోగాపురమువద్ద విమానాశ్రయమునకు 2019లో నొకమారు, 2023లో మరియొకమారు శంకుస్థాపన జరిగినది. ఈ బాటలపై బండ్లు పెరుగునే కాని తగ్గవు. అయితే బండ్లు వచ్చుట వేరు, యజమాని తన బండిని మనచేతికి విడిచి టిఫినుకు పోవుట వేరు. లక్షల వెలగల వస్తువది. దానిని పాడుచేయకుండ తిరిగి యిచ్చుటయే యీ వృత్తికి మూలధనము.

ఇచటి కార్లకు పట్టు మురికి హైదరాబాదు కార్లకు పట్టు మురికివంటిది కాదు. మొదటిది ఉప్పు. సముద్రపుగాలి తెచ్చిన యుప్పు చెమ్మను లాగుకొని లోహమునంటి యుండును. అట్టి చెమ్మ తగిలిన యినుము మంచినీరు తగిలిన యినుముకంటె త్వరగా త్రుప్పుపట్టును. ఒడ్డునకు చేరువనున్న పాకలో పెట్టిన నాగలికఱ్ఱు సంగతి రైతులెఱుగనిది కాదు. ఇసుకలో దింపి తిప్పిన బండికి పైభాగముకంటె క్రిందిభాగము కడుగుట ముఖ్యము. రెండవది ఎఱ్ఱమట్టి దిబ్బల యిసుక. చూచుటకు మెత్తనిదిగా నుండునుగాని అందలి రేణువులు గాజువలె గట్టివి. మూడవది విశాఖపట్నము కార్లకు విశేషముగా పట్టునది. 1933లో ఓడరేవు తెరవబడినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. ఇనుపరాయి, బొగ్గు దిగుమతి ఎగుమతులు జరుగుచోట నల్లని ధూళి లేచుట సహజము. దానికి బ్రేకులనుండి రాలు ఇనుపపొడి తోడగును. ఈ పొడి రంగులో దిగబడి త్రుప్పుపట్టి, తెల్లకారుపై చిన్న చిన్న నారింజరంగు చుక్కలుగా కనబడును. సబ్బునీటితో అవి పోవు.

ఈ పని చేయదలచినవాడు ముందుగా కారు రంగు ఎట్లుండునో తెలిసికొనవలెను. ఇనుపరేకుపై ప్రైమరు, దానిపై రంగు, రంగుపై అద్దమువంటి పారదర్శకమగు పూత యుండును. మనము కడుగునది, తుడుచునది, మెరుగుపెట్టునది ఈ పైపూతనే. దాని మందము సాధారణముగా 40, 50 మైక్రానులు మాత్రమే. మిల్లీమీటరులో వేయవవంతు మైక్రాను. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. వెండ్రుకకంటె పలుచనగు పొరను నమ్ముకొని చేయు పని యని యెన్నడును మఱవరాదు.

కావున ఉదయమున డ్రైవర్లు పొడిగుడ్డతో దుమ్ము దులుపు అలవాటు అన్ని దోషములకును పెద్దది. గుడ్డక్రింద ఇసుకరేణువు చిక్కి పూతపై గీతలు గీయును. ఎండలో నల్లకారును ఒక ప్రక్కనుండి చూచినచో సాలెగూడువంటి వలయములు కనబడును. అవి కాలముచే గాక గుడ్డచే వచ్చినవి. ఈ యొక్క మాటను కారు యజమానికి చూపి చెప్పగలిగినవానికి సగము పని దొరికినట్లే.

కడుగు పద్ధతిని ఎద్దును కడిగినవానికి నేర్పనక్కఱలేదు. కనుమనాడు పశువును వీపునుండి మొదలుపెట్టి, బురదకాళ్ళను చివరకు గదా కడుగుదురు! కారునకును అంతే. ముందు నీరు చల్లి, వదులుగానున్న దుమ్మును జారిపోనీయవలెను. పిదప పైకప్పు, అద్దములు, ప్రక్కలు, చిట్టచివర చక్రములు. రెండు బాల్చీలు కావలెను; ఒకదానిలో కార్లకై చేయబడిన షాంపూనీరు, రెండవదానిలో వట్టి నీరు. గుడ్డను ఒకసారి రాచినపిదప వట్టి నీటిలో జాడించి, పిండి, అటుపైననే షాంపూలో ముంచవలెను. చక్రములు తుడిచిన గుడ్డ మరల రంగును తాకరాదు. నేలబడిన గుడ్డను ఉతుకక వాడరాదు. గిన్నెలుతోము సబ్బు జిడ్డును బాగుగా తీయును, దానితో పూర్వము పట్టించిన మైనమునుకూడ తీసివేయును. బట్టలసోడా అసలే పనికిరాదు. టైర్లకు కిరసనాయిలు పూయుట కొన్నిచోట్ల మేము చూచితిమి. ఆ దినము నల్లగా మెరయును. రబ్బరు మాత్రము చెడును.

మధ్యాహ్నపుటెండలో కడుగకుడు. వేడిరేకుపై నీరు ఆరి తెల్లని మచ్చలు మిగులును. మన బోరునీటిలో సున్నము ఎక్కువగా నున్నచోట్ల ఈ మచ్చలు మరింత మొండివి. సముద్రమునకు చేరువనున్న బోరులలో ఉప్పుకూడ నుండవచ్చును. ఉప్పు కడుగుటకు ఉప్పునీరే పోయుట తెలివికాదు. వర్షపునీరు నిలువచేసికొనినచో అది శ్రేష్ఠము. లేనిచో కడిగిన వెంటనే మెత్తని మైక్రోఫైబరు గుడ్డతో తడి లాగివేయవలెను.

కడుగుట యైనపిదప అరచేతిని రంగుపై మెల్లగా నడుపుడు. గరుకుగా తగిలినచో ఇనుపపొడి దిగబడియున్నదని యర్థము. దీనికి ఐరన్ రిమూవరు అను ద్రవము కలదు. ఇనుమును తాకినచోట ఊదారంగుగా మారి కారును. పిదప క్లే బార్ అను బంకమట్టివంటి ముద్దను తడిపి, జారుడుగా రుద్దినచో మిగిలిన రేణువులు దానికంటుకొని వచ్చును. అంతటితో రంగు నున్ననగును. ఆపైని మైనపుపూత. మంచిమైనములలో పేరుపడినది కర్నాబా. ఇది ఈశాన్య బ్రెజిలు దేశమున తాటిజాతికి చెందిన యొక చెట్టు ఆకులపై పుట్టునది. ఆకులు కోసి, ఎండబెట్టి, కొట్టి రాల్చెదరు. ఎండకు ఆకు చెమ్మ కోలుపోకుండ చెట్టు తనకుతాను పూసికొనిన కవచమే కారునకు కవచమగుచున్నది. మన తాళ్ళకు ఆ గుణము లేకపోవుట మన దురదృష్టము!

మెరుగుయంత్రముతో గీతలు తీయుట వేరొక విద్య. గీత పోవుట యనగా చుట్టునున్న పూత గీత లోతువరకు అరుగుట. ప్రతిసారియు ఒకటి రెండు మైక్రానులు పోవును. బానెటు అంచులు, తలుపుల మడతలవద్ద పూత మరింత పలుచన. అచట యంత్రమును నిలిపినచో క్షణములో రంగు కాలును. తుక్కుదుకాణమున పాత బానెటు కొని, దానిపై నేర్చుకొనక యంత్రమును పరుల కారుపై పెట్టరాదు.

ఈ ప్రాంతమున నొక గ్రామమున జరిగినది చెప్పుదుము. ఒక రైతు తన యెకరము పొలమును తాకట్టుపెట్టి కుమారునకు రోడ్డుప్రక్క షెడ్డు వేయించి, నురుగుయంత్రము, మెరుగుయంత్రము, వాక్యూము క్లీనరు అన్నియు నొక్కమారే కొనిపెట్టెను. కుఱ్ఱవాడు పనిమంతుడే. కాని రెండవ నెలలో ఒక నల్లకారు బానెటు అంచు కాల్చెను. యజమాని రంగు ఖర్చు మొత్తము అడిగెను. ఆ వాడుకరి పోయెను. అతని స్నేహితులును పోయిరి. వడ్డీ మాత్రము నెలనెలకు నిలిచియుండెను. మేము పోయినప్పుడు ఆ తండ్రి, "యంత్రము నమ్మితే కొన్నధరలో సగము రాదండి, పొలము నమ్మితే మరల రాదండి" యనెను. వేరొక గ్రామమున అన్నచెల్లెండ్రిద్దరు రెండు బాల్చీలు, డజను గుడ్డలు, ఒక షాంపూ డబ్బాతో మొదలిడి, మధురవాడ వైపున నివాసభవనములలో నెలకింత యని మాట్లాడుకొని వారమున కొకమారు కార్లు కడుగుచున్నారు. లోపలి పని, అనగా సీట్ల సందులు, ఏ.సి. గవాక్షములు, పాదములక్రింది చాపలు, చెల్లెలు చూచును. యజమానులు ఎక్కువగా మెచ్చుకొనునది ఆ లోపలిపనినే. వారికి యంత్రములు లేవు, అప్పును లేదు.

చికాగో నగరమున బెంజమిన్ హిర్ష్ అను నతడు 1940 దశకములో తాను చేసిన కారు మెరుగుమందు నిట్లే అమ్మెను. నిలిపియున్న కార్లకు ఒక ప్రక్క మడ్గార్డు మాత్రము మెరుగుపెట్టి, యజమాని వచ్చువరకు అచటనే నిలుచుండెడివాడట. ఒక ప్రక్క మెరయుచు, మిగిలినది మాసియుండుట చూచిన యజమాని మందు కొనక యేమిచేయును? తరువాత టర్టిల్ వ్యాక్స్ అను పేర ప్రపంచమంతట ప్రసిద్ధికెక్కినది ఆ సరకే. అనుమతి లేక పరుల బండిని ముట్టుట మన చోట తగదుగాని, అడిగి ఒక తలుపు మాత్రము ఉచితముగా చేసి చూపుటలో తప్పులేదు.

లెక్క చూతము. ధరలు చోటుచోటికి మారును, విచారించి నిర్ణయించుకొనవలెను. లెక్కకొఱకు కారొకటికి 300 రూపాయలనుకొందము. ఆదివారమునకు నాలుగు కార్లు, నెలకు పదునాఱు. 4,800 రూపాయలు వచ్చును. సబ్బు, గుడ్డలు, రాకపోకలకు మూడవవంతు తీసివేసినను 3,200 నిలుచును. ఒక కారు జాగ్రత్తగా కడుగుటకు గంట పట్టును. నలుగురు యజమానులు మరల మరల పిలుచువరకు యంత్రము మాట తలపెట్టవద్దు. పిలిచినపిదప ఆదాయమునుండియే ఒక చిన్న ప్రెషరు వాషరు కొనవచ్చును. అప్పు తప్పనిచో 2015లో ప్రారంభమైన ముద్రా పథకమున శిశు తరగతి క్రింద 50,000 రూపాయలవరకు ఆస్తి హామీ లేకయే బ్యాంకులిచ్చును. పొలము పత్రముల నీ పనికై పెట్టెలోనుండి తీయరాదు. సిరామిక్ పూత యని వేలకువేలు చెప్పు పనులు కలవు. అవి మెరుగుయంత్రము చేతికి వచ్చినవారికి తగును.

రెండు విషయములను గట్టిగా చెప్పవలసియున్నది. వ్యవసాయపు పంపుసెట్టునకిచ్చిన కరెంటుతో కార్లు కడిగి డబ్బు పుచ్చుకొనరాదు. అది 2003 విద్యుచ్చట్టము 126వ సెక్షను క్రింద అనధికార వినియోగము. రెండింతల రేటున వసూలు చేయుదురు. దీనికై ప్రత్యేక కనెక్షను పుచ్చుకొనుడు. తడిచేతులతో యంత్రము పట్టు పని గనుక, 30 మిల్లీఆంపియరుల లీకునకే కరెంటు నాపివేయు ఆర్.సి.సి.బి. అను స్విచ్చిని పెట్టించుకొనుట ప్రాణరక్షణ. దానిలో పొదుపు చూడరాదు.

రెండవది నీరు. 2024 మార్చిలో నీటియెద్దడి వచ్చినప్పుడు బెంగుళూరు నీటిసరఫరా బోర్డువారు త్రాగునీటితో కార్లు కడుగుటను నిషేధించి 5,000 రూపాయల జరిమానా విధించిరి. మన యూళ్ళలో వేసవిలో బిందెలతో నీరు తెచ్చుకొను వీధిలో గొట్టము వదలిపెట్టి కారు కడిగినచో చట్టముకంటె ముందు ఊరివారే ఊరకుండరు. రిన్స్‌లెస్ అను ద్రవమును బాల్చీనీటిలో కలిపి, గుడ్డతో తుడిచి, మరల కడుగనక్కఱలేని పద్ధతి కలదు. పది లీటరులలోపే కారు పూర్తియగును. బురద దట్టముగా నున్న బండికి మాత్రమిది పనికిరాదు. సబ్బునీరు, నూనెమురికి బావిలోనికిగాని, పశువుల కుడితితొట్టిలోనికిగాని, వరిమడిలోనికిగాని పోరాదు. బావికి దూరముగా, పల్లమున, గులకరాళ్ళు నింపిన ఇంకుడుగుంటకు దారితీయుడు.

సంఘము చేయదగిన సహాయమును కలదు. ఐదుగురు సభ్యులు కలిసినచో అయిదు లీటరుల షాంపూ డబ్బా కొని పంచుకొనవచ్చును. చిన్న సీసాలకంటె చౌక. వాక్యూము క్లీనరు, మెరుగుయంత్రము సంఘము పేర నొకటొకటి యుంచి, పంటకోతయంత్రములకు వలెనే దినపు అద్దెకు ఇవ్వవచ్చును. యంత్రము పుచ్చుకొనువాడు ముందుగా పాత బానెటుపై పని చూపవలెనను నియమము పెట్టుట మంచిదని మా యభిప్రాయము. దసరాకు వాహనపూజలు జరుగును. ఆ వారమున పని తొందర హెచ్చు. ఇప్పుడు మొదలుపెట్టినవారు అప్పటికి చేయి తిరిగినవారగుదురు. నేర్చుకొనగోరు సభ్యులు తమ పేర్లను కార్యదర్శికి తెలిపినచో, తుక్కుబానెటు నొకదానిని సంపాదించి సంఘకార్యాలయపు ఆవరణమున నొక సాయంకాలము మేము చేసి చూపుదుము. బాల్చీలు రెండును, గుడ్డలును ఎవరివి వారే తెచ్చుకొనవలెను.