పాత చీరకు కొత్త బేరం

ఆముదం కాయలు ఒలిచాక మిగిలే పొట్టు ఎవరికీ పట్టదు. చీరాల నేతగాళ్లకు మాత్రం అదే పెట్టుబడి. పొట్టును కాల్చి, ఆ బూడిద నీళ్లలో నూనె కలిపి, నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టేవారు. నూనె తాగిన నూలుకు ఎరుపు, నలుపు రంగులు గట్టిగా పట్టేవి. నూలును చిటికి కట్టి, అంటే అక్కడక్కడా బిగించి కట్టి, రంగులద్ది నేసిన ఆ గుడ్డలే తేలియా రుమాళ్లు. 'ఏషియా రుమాళ్లు' అనే పేరుతో అరబ్బు దేశాలకూ తూర్పు ఆఫ్రికాకూ ఓడల్లో వెళ్లాయి. కాలక్రమంలో ఆ పని నల్లగొండ ప్రాంతంలోని పుట్టపాకలో నిలదొక్కుకుంది. 2020లో భౌగోళిక గుర్తింపు కూడా పుట్టపాక నేతకే వచ్చింది.

పొలంలో మిగిలిపోయిన పొట్టుతో విదేశీ మార్కెట్టు సంపాదించిన నేల ఇది. వాడేసిన బట్టతో, మగ్గం మీద మిగిలిన నూలుతో చిన్న వ్యాపారం పెట్టాలనుకునేవారికి గుంటూరు, ప్రకాశం మైదానం ఎంతో అనువైన చోటు. గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో పత్తి వంగడాలు తయారవుతాయి. చిలకలూరిపేట, గణపవరం చుట్టూ జిన్నింగు, స్పిన్నింగు మిల్లులున్నాయి. మంగళగిరిలో, చీరాల పక్కనే ఉన్న జాండ్రపేటలో, వేటపాలెంలో మగ్గాలున్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల గీతలు మారి చీరాల బాపట్లకూ, చిలకలూరిపేట పల్నాడుకూ వెళ్లాయి కానీ గింజ నుంచి గుడ్డ దాకా దారి మాత్రం పాతదే.

ఆ దారిలో గాయాలూ ఉన్నాయి. 1980ల మధ్యలో పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. రైతులు మందు మీద మందు కొట్టారు, అప్పు మీద అప్పు చేశారు. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కలచివేశాయి. మూడేళ్లు తిరిగేసరికి, 1991లో, నూలు ధర పెరిగి ఇవే జిల్లాల్లో నేతకారుల ఆకలిచావులు పత్రికలకెక్కాయి. పండించినవాడూ నేసినవాడూ కొద్ది ఏళ్ల తేడాలో కూలిపోవడం యాదృచ్ఛికం కాదు. పక్క పొలంలో పండే దూదికీ పక్క వీధిలోని మగ్గానికీ మధ్య పెద్ద మిల్లు, దూరపు వ్యాపారి, బేళ్ల రవాణా అడ్డుపడి ఉన్నాయి.

ఈ అడ్డు తీయాలన్న ఆలోచనలోంచి పుట్టినదే మల్ఖా. దస్తకార్ ఆంధ్ర సంస్థకు పునాది వేసిన ఉజ్రమ్మ, ఆమె సహచరులు దూదిని బేళ్లుగా బిగించే పనే లేకుండా, పత్తి పండే చోటే చిన్న యంత్రాలతో నూలు వడికి దగ్గరి మగ్గాలకు అందించే పద్ధతిని రూపొందించారు. బేలుగా నొక్కి మళ్లీ విప్పితే దూది పోగు నలిగి దాని సహజమైన మెత్తదనం, సాగుడు తగ్గుతాయి. ఆ నలుగుడు లేని మల్ఖా గుడ్డ ఒంటికి హాయిగా ఉంటుంది. చిన్న వ్యాపారికి ఇక్కడ నేర్చుకోవలసినది ఒకటుంది. గుడ్డ ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కొనేవారికి చెప్పగలిగితే ఆ సమాచారానికే విలువ వస్తుంది. అయితే చెప్పేది నిజమై ఉండాలి. ధ్రువీకరణ లేకుండా సేంద్రియ పత్తి అని రాయకూడదు. మంగళగిరిలో నేయని గుడ్డకు మంగళగిరి పేరు పెట్టకూడదు, ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది.

ఇక పాత బట్ట సంగతి. తెలుగు పల్లెల్లో చీర చిరిగితే పారేసే అలవాటు లేదు. స్టీలు సామాన్లవాడు పాత బట్టలు తీసుకుని గిన్నె ఇచ్చి వెళ్తాడు. జరీ కొనేవాడు పట్టుచీర అంచులోని వెండి కోసం వస్తాడు. మెత్తబడిన నూలు చీరలు మాత్రం ఇంట్లోనే ఉండి బొంతగా మారతాయి. మూడు నాలుగు చీరలు పొరలుగా పరిచి, అంచులు కలిపి, వరస కుట్టు వేసుకుంటూ పోతే చలికి కప్పుకోవడానికీ, మంచం మీద పరచుకోవడానికీ, పసిపిల్లను పడుకోబెట్టడానికీ పనికొస్తుంది. పుట్టిన బిడ్డకు కొత్త గుడ్డ కంటే అమ్మమ్మ కట్టి మెత్తబరిచిన చీర మేలని తెలుగిళ్లలో చాలామంది నమ్మకం.

బెంగాల్లో ఇదే పనిని కాంథా అంటారు. 2008లో నక్షీ కాంథాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో కాంథా కళాకారిణి ప్రీతికణా గోస్వామికి పద్మశ్రీ వచ్చింది. కాంథా కుట్టు చీరలు, దుప్పట్లు లండన్, న్యూయార్క్ దుకాణాల్లో అమ్ముడుపోతున్నాయి. తెలుగు బొంతకు మాత్రం ఇప్పటికీ ఆ స్థాయి పేరూ లేదు, ధరా లేదు. కుట్టే చేతులు తక్కువైనవేమీ కావు. తోడుగా నిలిచి నమూనాలు చేయించి, కొనేవారిని వెతికిపెట్టినవారు బెంగాల్లో ఉన్నారు, ఇక్కడ అంతగా లేరు. ఈ లోటు పూడ్చడం ఒక చిన్న సంస్థ చేతిలోని పనే.

మొదలుపెట్టేవారు తరచూ పొరబడేది ముడిసరుకు దగ్గరే. పాత బట్ట చౌక కాబట్టి వ్యాపారమూ చౌక అనుకుంటారు. నిజానికి ఖర్చంతా ఏరడంలో, ఉతకడంలో, కుట్టడంలో ఉంది. ఇప్పటి చీరల్లో పాలియెస్టరే ఎక్కువ. అంచు నుంచి ఒక పోగు లాగి కాలిస్తే నూలు కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. రెండు చేతులా లాగి చూస్తే చీకిన బట్ట పర్రుమంటుంది, దాన్ని లోపలి పొరకు కూడా వాడకూడదు. రంగు దిగే గుడ్డను తడి తెల్లగుడ్డతో రుద్దితే అక్కడే తెలిసిపోతుంది. సోడా వేసిన వేణ్నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరేశాకే కత్తెర పట్టాలి. చీరాల బట్టల బజారులోని కట్ పీసులు, దర్జీల కత్తిరింపు ముక్కలు, మగ్గం మీద మిగిలే పడుగు కొసలు అయితే కొత్తవే కాబట్టి ఈ బెడద తక్కువ. సంచులు, పర్సులు, దిండు గలీబులకు అవే మేలు.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల (బస్తాల) లెక్కన కదిలే గోనె సంచులను చూసి చాలామందికి ఆశ పుడుతుంది. మిరప ఘాటు ఆ నారలోకి దిగిపోతుంది. కుట్టేవాళ్ల కళ్లూ ముక్కులూ మండుతాయి. ఆ సంచుల జోలికి పోకపోవడమే మంచిది.

ధర గురించి ఒక లెక్క వేసుకుందాం. ఒక బొంతకు పది రోజుల పని పడుతుందనీ, రోజుకూలి 400 రూపాయలనీ అనుకుంటే కూలే 4,000. దారం, ఉతుకు, రవాణా, అమ్మకం ఖర్చు, చిన్నపాటి లాభం కలిస్తే ఆరు వేలు దాటుతుంది. ఎనిమిది వందలకు అమ్మజూపితే ఎవరి కూలి కోస్తున్నారో అడగాల్సిందే. చేతి బొంత మిల్లు దుప్పటితో ధరలో పోటీ పడలేదు, పడాల్సిన పనీ లేదు. ఎంబ్రాయిడరీలో లంబాడా ఆడవాళ్లకు, కుట్టులో పల్నాటి ముసలమ్మలకు ఉన్న నైపుణ్యానికి ఆ ధర న్యాయమైనదే.

పని ఎప్పుడన్నది కూడా ముఖ్యం. దసరా దాటితే పత్తి తీతలు, సంక్రాంతి తర్వాత మిరప కోతలు. ఏప్రిల్ దాకా ఊళ్లో ఆడవాళ్లెవరూ ఖాళీగా ఉండరు. వేసవి నుంచి శ్రావణం దాకా చేతిలో పనీ ఉండదు, డబ్బూ ఉండదు. కుట్టుపని ఆ నెలల్లో రావాలి. కోతల నెలల్లో ఆర్డరు ఇచ్చి, ఆలస్యమైందని కోప్పడే వ్యాపారి ఈ ప్రాంతంలో నిలవడు.

ఇక ఈ బొంతలు కొనగల పరదేశంలోని తెలుగువారి సంగతి. అమెరికాలో 2018లో కోటి 70 లక్షల టన్నుల జౌళి చెత్త తేలిందనీ, అందులో తిరిగి వాడుకలోకి వచ్చింది 14.7 శాతమేననీ అక్కడి పర్యావరణ సంస్థ లెక్క. యూరోపియన్ యూనియన్ దేశాలు 2025 జనవరి నుంచి పాత బట్టలను విడిగా సేకరించాలని నియమం పెట్టాయి. అంటే పాత బట్ట మీద అక్కడ పట్టింపు పెరుగుతోంది. పంపడంలో చిక్కులూ పెరిగాయి. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. ఒక్కొక్క బొంతా టపాలో తెప్పించుకునే బదులు, పదిమంది కలిసి ఒక్క సరుకుగా తెప్పించుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. బీరువాల్లోని చీరలను పార్శిలు కట్టి ఊరికి పంపాలనుకోకండి, వాడిన బట్టల దిగుమతిపై భారత్‌లో ఆంక్షలున్నాయి. సెలవులకు వచ్చేటప్పుడు అమ్మ చీరలు నాలుగు పెట్టెలో వేసుకొచ్చి, ఊళ్లోనే బొంత కుట్టించుకు వెళ్లవచ్చు.

అక్కడి తెలుగు సంఘాలు చేయగలిగినది ఇంకొకటి ఉంది. ఏటా సభల్లో అతిథులకిచ్చే శాలువా, జ్ఞాపిక, సంచీ కొనేవే. ఈసారి ఆ ఆర్డరు చీరాల, మంగళగిరి, నరసరావుపేట వైపు ఉన్న ఏదైనా మహిళా సంఘానికి ఇవ్వండి. మార్చిలోనే మాట ఇచ్చి, సగం బయానా ముందే పంపండి, ఆగస్టు దాకా గడువు ఇవ్వండి. బేరం మాత్రం ఆడకండి.